అద్దె చవగ్గా దొరికిన రోజుల సినిమాలు

1989 వేసవిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో రిచర్డ్ లింక్‌లేటర్ అనే కుర్రాడు స్నేహితుల్నీ, స్నేహితుల స్నేహితుల్నీ పోగేసి ఒక సినిమా తీశాడు. దాని పేరు ‘స్లాకర్’. ఖర్చు సుమారు 23 వేల డాలర్లు. అందులో కథ లేదు, హీరో లేడు. పొద్దున్నే బస్సు దిగిన ఒకతను టాక్సీ ఎక్కి, డ్రైవరు వింటున్నాడో లేదో పట్టించుకోకుండా తనకొచ్చిన కల గురించి చెప్పుకుంటూ పోతాడు. ఆ పాత్ర వేసింది లింక్‌లేటరే. అతను టాక్సీ దిగాక కెమెరా అతన్ని వదిలేసి, రోడ్డు మీద ఎదురైన ఇంకొకరి వెంట పడుతుంది. కాసేపటికి వాళ్లనీ వదిలి మరొకరి వెంట. పాత పుస్తకాల కొట్లో కెనెడీ హత్య గురించి ఊపిరాడకుండా మాట్లాడే అతను, ఇంట్లో దూరిన దొంగను కూర్చోబెట్టి రాజకీయం చెప్పే ముసలి అరాచకవాది, గది నిండా టీవీలు పేర్చుకుని బతికే మనిషి... ఇలా వందమంది దాకా వస్తారు. వచ్చినవాళ్లు మళ్లీ కనిపించరు. మర్నాడు తెల్లవారేసరికి సినిమా అయిపోతుంది.

పనీపాటా లేకుండా ఊరు తిరిగే కుర్రకారు మీద తక్కువ డబ్బుతో తీసిన సినిమాలకు ఇది పెద్దదిక్కు లాంటిది. దీనికి ముందూ ఇలాంటివి వచ్చాయి, తర్వాత అయితే లెక్కలేనన్ని వచ్చాయి. వీటి గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఒక తరం నిరాశ గురించీ, విలువల మీద నమ్మకం పోవడం గురించీ రాస్తారు. అది అబద్ధమని అనను. కానీ ఈ సినిమాలన్నిటినీ వరసగా చూస్తే నాకు ముందుగా కనిపించేది మనస్తత్వం కాదు, ఇంటద్దె. నెలకు పదిరోజులు ఏదో పని చేసి మిగతా ఇరవై రోజులు ఖాళీగా బతకగలిగిన ఊళ్లలోనే ఈ సినిమాలు పుట్టాయి. తెర మీద తిరిగేవాళ్లకు ఆ తీరిక కావాలి, వాళ్ల మీద సినిమా తీసేవాళ్లకూ అదే కావాలి. లింక్‌లేటర్ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సముద్రం మీద చమురు బావుల దగ్గర పనిచేసి దాచుకున్న డబ్బుతో ఆస్టిన్ చేరాడు. సూపర్ 8 కెమెరా కొన్నాడు, 1985లో స్నేహితులతో కలిసి ఫిల్మ్ సొసైటీ పెట్టాడు, ఏళ్ల తరబడి సినిమాలు చూస్తూ గడిపాడు. అప్పటి ఆస్టిన్ ఒక విశ్వవిద్యాలయం చుట్టూ అల్లుకున్న చవక ఊరు. ఇప్పుడు అదే ఊళ్లో చాలామంది తెలుగు ఇంజినీర్లు జీతంలో పెద్ద ముక్క ఇంటికే పోస్తున్నారు. చమురు బావి మీద దాచుకున్న డబ్బు ఈ రోజుల్లో అక్కడ ఎన్ని నెలలు వస్తుందో వాళ్లనే అడగాలి.

ఈ తోవకు పాత వంశం ఉంది. ఫెల్లీని ‘ఇ విటెల్లోని’ (1953)లో సముద్రపు ఒడ్డు పట్నంలో పెళ్లీడు దాటుతున్నా ఇంటి తిండి తింటూ తిరిగే అయిదుగురు స్నేహితులున్నారు. మనవాళ్లకు వెంటనే అర్థమయ్యే మనుషులు వాళ్లు. అమెరికాలో జాన్ కసావెటీస్ ‘షాడోస్’ (1959) ఉంది. ఒక రాత్రి రేడియో కార్యక్రమంలో, మామూలు మనుషుల గురించి సినిమా తీస్తాను, డబ్బు పంపండి అని ఆయన అడిగితే శ్రోతలు నిజంగానే పంపారు. అలా మొదలైన సినిమా అది.

కాని ఆ తొలి సినిమాల్లో నేను ఎక్కువసేపు నిలబడేది కెంట్ మెకంజీ తీసిన ‘ది ఎగ్జైల్స్’ (1961) దగ్గర. రిజర్వేషన్ భూములు వదిలి లాస్ ఏంజెలెస్ చేరిన ఆదివాసీ యువతీయువకులు ఒక శుక్రవారం సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఏం చేశారన్నదే సినిమా. బార్లు, పేకాట, కార్లలో తిరుగుడు, చివరికి నగరం మొత్తం కనిపించే కొండ మీద వాళ్ల పాటలూ ఆటలూ. నటులు కారు వాళ్లు, తమ జీవితాన్నే తిరిగి చేసి చూపించారు. వాళ్లు మెకంజీతో చెప్పుకున్న మాటలే తెర వెనక వినిపిస్తాయి. వాళ్లున్న బంకర్ హిల్ పేట మొత్తాన్ని తర్వాత పునర్నిర్మాణం పేరుతో నేలమట్టం చేశారు. చెక్క మేడలు, నిటారు వీధులు, ఆ అద్దె గదులు ఇప్పుడు ఈ సినిమాలోనే ఉన్నాయి. దాదాపు యాభై ఏళ్లు ఎవరూ పట్టించుకోని ఈ సినిమాను బాగుచేసి 2008లో మళ్లీ విడుదల చేశాక గానీ లోకానికి దాని విలువ తెలియలేదు.

న్యూయార్క్ సంగతి కూడా ఇంతే. 1975లో ఆ నగరం దివాలా అంచుదాకా వెళ్లింది. లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఎన్నో మేడలు పాడుబడ్డాయి, ఇళ్లు కాలిపోయాయి, అద్దెలు పడిపోయాయి. సంగీతగాళ్లు, చిత్రకారులు, ఏ పనీ లేనివాళ్లు అక్కడ చేరారు. చదువుకని వచ్చిన స్కాలర్‌షిప్ డబ్బును జిమ్ జార్ముష్ సినిమాలో పెట్టి ‘పర్మనెంట్ వెకేషన్’ (1980) తీశాడు. నిద్రపట్టని కుర్రాడొకడు శిథిలాల మధ్య తిరుగుతుంటాడు. మొదటి సినిమా తడబాట్లన్నీ అందులో ఉన్నాయి, కానీ ఆ శిథిలాలు సెట్ కాదు. సుసాన్ సీడెల్‌మన్ ‘స్మిదరీన్స్’ (1982)లో రెన్ అనే అమ్మాయి తన ఫొటోల జిరాక్సులు గోడలకూ రైలు బోగీలకూ అంటించుకుంటూ, ఈ రాత్రి ఎవరింట్లో పడుకోవాలా అని తిరుగుతుంది. ఆ చిన్న సినిమా కాన్ చిత్రోత్సవంలో పోటీ విభాగం దాకా వెళ్లింది.

జార్ముష్ రెండో సినిమా ‘స్ట్రేంజర్ దాన్ పారడైజ్’ (1984)తో ఈ పద్ధతికి ఒక రూపం వచ్చింది. జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తన సినిమాలో మిగిలిన ఫిల్మ్ ఇస్తే దానితో మొదటి భాగం తీశాడు. ఫిల్మ్ తక్కువ కాబట్టి ఒక సన్నివేశానికి ఒకే షాటు. ఆ షాటు అయిపోగానే తెర నల్లబడుతుంది, కొన్ని క్షణాలకు మళ్లీ వెలుగు. విల్లీ, ఎడ్డీ అనే ఇద్దరు జూదగాళ్లు, హంగరీ నుంచి వచ్చిన ఈవా అనే అమ్మాయి. న్యూయార్క్ నుంచి క్లీవ్‌లాండ్, అక్కణ్నుంచి ఫ్లోరిడా. క్లీవ్‌లాండ్‌లో గడ్డకట్టిన ఈరీ సరస్సు చూడ్డానికి పోతే మంచు తెరలో ఏమీ కనిపించదు. ముగ్గురూ ఆ తెల్లదనం వైపు నిలబడి చూస్తుంటారు. ఎక్కడికెళ్లినా అంతా ఒకేలా ఉందన్నది ఎడ్డీ ఫిర్యాదు. కాన్‌లో ఈ సినిమాకు కెమెరా దోర్ అవార్డు దక్కింది.

ఇక్కడ పనితనం గురించి కొంచెం చెప్పాలి. ఈ సినిమాల్లో మనం శైలి అనుకునేదాంట్లో సగం లేమి నుంచి పుట్టింది. లైట్లకు డబ్బు లేదు కాబట్టి వీధిలో, పగటి వెలుగులో తీస్తారు. అందుకే అంత నడక. సెట్ వెయ్యలేరు కాబట్టి తమ గదులు, తాము పనిచేసే కొట్లు. యాక్షన్ పెట్టలేరు కాబట్టి మాటలు. ఎక్కువ బట్టలు మార్చనక్కర లేకుండా కథంతా ఒకరోజులో. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ కెవిన్ స్మిత్ ‘క్లర్క్స్’ (1994). స్మిత్ తన 21వ పుట్టినరోజున న్యూయార్క్‌లో ‘స్లాకర్’ చూసి, ఇలా అయితే నేనూ తియ్యగలననుకున్నాడు. అప్పుడతను న్యూజెర్సీలోని లియొనార్డోలో ఒక కిరాణా కొట్లో గుమస్తా. ఉన్న కామిక్ పుస్తకాలు అమ్మేశాడు, క్రెడిట్ కార్డులు గీకేశాడు, మొత్తం 27,575 డాలర్లు పోగుచేశాడు. పగలు కొట్లో పని, రాత్రి అదే కొట్లో షూటింగ్. సినిమాలో మాత్రం పగలు కావాలి, కిటికీ తెరిస్తే చీకటి కనిపిస్తుంది. అందుకని షట్టర్ తాళంలో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారనీ, అది పైకి లేవడం లేదనీ కథలో పెట్టాడు. నలుపు తెలుపుల్లో తీయడంతో ట్యూబులైట్ల రంగు తేడాలు కనబడలేదు. పెద్ద కంపెనీ కొన్నాక అందులోని పాటల హక్కులకైన ఖర్చు సినిమా తీసిన ఖర్చును మించిపోయింది.

తక్కువ డబ్బుతో తీసేవాళ్లకు ఇది పాఠ్యపుస్తకం. లోటును దాచిపెట్టకుండా కథలోకి తెచ్చుకోవడం అందరికీ రాదు. కాలక్షేపానికి కూడా ఒక చోటు, ఒక పనివేళ ఉంటాయని ‘క్లర్క్స్’ చూపించింది. ఆ కొట్టు గల్లా వెనక నిలబడి జీవితం గురించి వాదించుకునే ఇద్దరు కుర్రాళ్లను చూస్తే మన ఊళ్లలో సెల్ రీఛార్జి దుకాణాల్లో, జిరాక్స్ సెంటర్లలో కూర్చుని ఉన్న డిగ్రీ కుర్రాళ్లు గుర్తొస్తారు.

ఇలాంటి సినిమాకు అసలు కష్టం ముగింపు దగ్గర వస్తుంది. ఎక్కడికీ పోనివాళ్ల కథ ఎక్కడ ఆపాలి? ‘క్లర్క్స్’లో మొదట చివర్న దొంగ వచ్చి గుమస్తాను కాల్చి చంపేస్తాడు. చూసిన పెద్దలు అది తీసెయ్యమన్నారు, స్మిత్ తీసేశాడు. చాలా మంచిపని చేశాడు. తోచక చేర్చిన చావు అది. ‘స్లాకర్’ చివర్లో కొందరు కుర్రాళ్లు సూపర్ 8 కెమెరాలతో కొండెక్కి, ఒకర్నొకరు తీసుకుంటూ, కెమెరాను లోయలోకి విసిరేస్తారు. పడుతూ పడుతూ అది చూసిందే చివరి దృశ్యం. ఆండ్రూ బుజల్‌స్కీ ‘ఫన్నీ హా హా’ (2002) మాట మధ్యలో ఆగిపోతుంది. ఈ మూడింట్లో నాకు అన్నిటికన్నా నిజాయితీగా తోచేది మూడోది. పెళ్లితోనో ఉద్యోగంతోనో ముగించి ఉంటే అప్పటిదాకా చూపించిన తిరుగుడంతా ఒక రోగమనీ, ఇప్పుడు నయమైందనీ చెప్పినట్టు అయ్యేది.

‘ఫన్నీ హా హా’ వెంట ఒక గుంపు వచ్చింది. దానికి ‘మంబుల్‌కోర్’ అని పేరుపడింది. బాస్టన్, షికాగో, బ్రూక్లిన్ అపార్ట్‌మెంట్లు, చదువైపోయి తాత్కాలిక ఉద్యోగాలు చేసే పాతికేళ్లవాళ్లు, సగంలో తెగిపోయే మాటలు. జో స్వాన్‌బర్గ్, డుప్లాస్ సోదరులు, నటి గ్రెటా గర్విగ్ ఇక్కణ్నుంచే వచ్చారు. గర్విగ్ నటించి, నోవా బాంబాక్‌తో కలిసి రాసిన ‘ఫ్రాన్సెస్ హా’ (2012) ఈ వరసలో బాగా పేరు తెచ్చుకుంది, దానికి తగిందే కూడా. మిగతావాటిలో చాలాభాగం నాకు రుచించలేదు. ఆ పాత్రలు పడితే పట్టుకోవడానికి ఇంట్లో అమ్మానాన్నలు సిద్ధంగా ఉన్నారని ప్రతి షాటులోనూ తెలుస్తుంది. దాన్ని సినిమా మాత్రం గుర్తించదు. దాదాపు అందరూ తెల్లవాళ్లే, పెద్ద కాలేజీల్లో చదివినవాళ్లే.

ఆ లోటును నేరుగా ముట్టుకున్నది బారీ జెంకిన్స్ మొదటి చిత్రం ‘మెడిసిన్ ఫర్ మెలంకలీ’ (2008). దానికైనది సుమారు 15 వేల డాలర్లు. ఒక రాత్రి కలిసిన ఇద్దరు నల్లజాతి యువతీయువకులు మర్నాడంతా శాన్‌ఫ్రాన్సిస్కోలో సైకిళ్ల మీద తిరుగుతారు. ప్రేమ కథలా మొదలై, మెల్లగా ఇళ్ల గురించిన వాదన అవుతుంది. ఈ ఊళ్లో నల్లవాళ్లు ఇంత తక్కువమంది ఎందుకు మిగిలారు, అద్దె నియంత్రణ పోతే ఎవరు ఊరు వదలాలి అన్న ప్రశ్నలొస్తాయి. సినిమా మధ్యలో ఇళ్ల హక్కుల గురించి కొందరు కూర్చుని మాట్లాడుకునే సమావేశం ఒకటి ఉన్నట్టుండి వస్తుంది. బొమ్మలో రంగులు దాదాపు పూర్తిగా వెలిసిపోయి ఉంటాయి. ఆ ఊళ్లో తిరగడానికి తనకు హక్కుందా అని అడిగే మనిషి తిరుగుడు అది. ఈ మొత్తం వరసలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా ఇదే. ఈ దర్శకుడే తర్వాత తీసిన ‘మూన్‌లైట్’కు ఆస్కార్ ఉత్తమ చిత్రం వచ్చింది.

అమెరికా బయట కూడా మంచి పంట పండింది. జాన్ ఓలె గెర్‌స్టర్ ‘ఓ బాయ్’ (2012)లో నీకో అనే కుర్రాడు బెర్లిన్‌లో ఒక రోజంతా కప్పు కాఫీ కోసం తిరుగుతాడు, ఎక్కడా దొరకదు. లా చదువు మానేసి రెండేళ్లయిందన్న సంగతి తండ్రికి తెలిసిపోయి డబ్బు పంపడం ఆపేస్తాడు. పైకి తేలిగ్గా కనిపించే ఈ సినిమా చివర్లో బారులో ఒక ముసలాయన తన చిన్నతనంలో ఇదే వీధిలో యూదుల దుకాణాల అద్దాలు పగిలిన రాత్రి గురించి చెబుతాడు. అప్పుడు నీకో తిరిగిన ఊరంతా మరోలా కనిపిస్తుంది. ఉరుగ్వేలో ‘25 వాట్స్’ (2001) మాంటెవిడియోలో ముగ్గురు కుర్రాళ్ల శనివారం. తైవాన్‌లో సాయ్ మింగ్ లియాంగ్ మొదటి చిత్రం ‘రెబెల్స్ ఆఫ్ ది నియాన్ గాడ్’ (1992) మాత్రం తెలుగువాళ్లు తప్పక చూడాలి. యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు కోచింగ్ సెంటర్లో చేరిన కుర్రాడు ఇంట్లో చెప్పకుండా మానేసి, కట్టిన ఫీజు వెనక్కి తీసుకుని, ఆ డబ్బుతో తైపే వీధుల్లో తిరుగుతాడు. వీడియో గేముల సెంటర్లు, వాన, నీళ్లు నిండిన అపార్ట్‌మెంట్, ఇంట్లో మాట్లాడని తండ్రి. ఊరిపేరు మార్చి హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ అంటే నమ్మేస్తాం.

మన దేశానికి వస్తే తిరుగుడు అర్థమే మారిపోతుంది. ఆస్టిన్ కుర్రాడికి ఉద్యోగం వద్దు. కలకత్తా కుర్రాడికి ఉద్యోగం దొరకదు. సత్యజిత్ రాయ్ ‘ప్రతిద్వంద్వి’ (1970)లో తండ్రి పోవడంతో వైద్య విద్య మానేసిన సిద్ధార్థ ఇంటర్వ్యూల మధ్య ఖాళీలో కలకత్తాలో నడుస్తుంటాడు. దశాబ్దంలో ముఖ్య ఘటన ఏదని అడిగితే చంద్రుడి మీద కాలుపెట్టడం అనకుండా వియత్నాం యుద్ధం అంటాడు, ఉద్యోగం రాదు. వరండాలో గంటల తరబడి ఎదురుచూస్తున్న అభ్యర్థులు అతనికి అస్థిపంజరాల్లా కనిపించే దృశ్యం ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. తెలుగులో ‘ఆకలి రాజ్యం’ (1981) ఈ కోవలోదే. బాలచందర్ తమిళంలో తీసిన చిత్రానికి తెలుగు రూపం. ఢిల్లీలో తెలుగు నిరుద్యోగులు, శ్రీశ్రీ కవిత్వం చదివే రంగా, ఖాళీ కడుపులు. చివరికి అతను క్షౌరవృత్తి చేపట్టడం అప్పట్లో ధైర్యం. అయినా బాలచందర్‌కు ప్రతి దృశ్యమూ ఒక వాదన. ఊరికే కూర్చున్న కుర్రాణ్ని ఊరికే చూడడానికి ఆయన ఒప్పుకోడు.

ఆ తర్వాత మన సినిమా నిరుద్యోగిని హాస్యానికి అప్పగించింది. శివనాగేశ్వరరావు ‘మనీ’ (1993) అందులో మంచి చిత్రం, మరీ మరీ చూడదగ్గదే, కానీ తిరుగుబోతు కుర్రాళ్లకు వెంటనే ఒక కిడ్నాపు పని పడుతుంది.

హైదరాబాద్ మాత్రం మూడుసార్లు ఈ తోవలోకి అడుగేసింది. అమెరికాలో ఇంజినీరుగా సంపాదించిన డబ్బుతో నగేశ్ కుకునూర్ 17 లక్షల రూపాయల్లో ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) తీశాడు. చిన్న సినిమా దేశమంతా ఆడగలదని చూపించింది అదే. తర్వాత కుంట నిఖిల్ ‘ది అంగ్రేజ్’ పాతబస్తీ దక్కనీ మాటను తెర మీదికి తెచ్చింది. చార్మినార్ దగ్గర చాయ్ ముందు కూర్చుని ఇస్మాయిల్ భాయ్ గుంపు గొప్పలు చెప్పుకోవడమే ఆ సినిమాకు ప్రాణం. దాన్ని సీడీల్లో చూసి డైలాగులు నోటికి నేర్చుకున్న తరం ఒకటుంది. అందులోని ముఠా కథ ఎవరికీ గుర్తులేదు, ఆ కబుర్లే గుర్తున్నాయి.

మూడో అడుగు తరుణ్ భాస్కర్‌ది. ‘పెళ్లిచూపులు’ (2016)లో ఇంజినీరింగ్ ఎలాగో గట్టెక్కి ఇంట్లో పడుకుని ఉండే ప్రశాంత్, ‘ఈ నగరానికి ఏమైంది’ (2018)లో నలుగురు స్నేహితులు. రెండో సినిమా మొదటి అరగంటలో ఆ నలుగురూ మాట్లాడుకునే తీరు తెలుగు తెర మీద అంతకుముందు లేదు. ఒకరి మాట ఒకరు తోసేసుకుంటూ, సగం బూతు మింగుతూ, అలవాటైన స్నేహంలోని విసుగుతో. 2023లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండాయంటే కారణం ఆ మాటలే. కానీ వాళ్లు కూడా గోవా వెళ్లాలి, షార్ట్ ఫిల్మ్ పోటీలో నెగ్గి డబ్బు తేవాలి. మన నిర్మాతకూ ప్రేక్షకుడికీ కుర్రాడు సెటిల్ కాకుండా సినిమా ముగిస్తే నిద్రపట్టదు.

అమ్మాయిల మాట మరీ అన్యాయం. ‘ది ఎగ్జైల్స్’లో మగవాళ్లు రాత్రంతా తాగి తిరుగుతుంటే ఇవోన్ అనే గర్భవతి ఒంటరిగా సినిమాకెళ్లి, షాపుల అద్దాల్లోకి చూస్తూ నడిచే దృశ్యాలుంటాయి. సినిమా గుండె అక్కడే ఉంది. 1961లోనే ఒకాయన అంతదూరం చూశాడు. మన తెలుగులో పనిలేకుండా, ప్రేమ కోసం కాకుండా, ఊరికే ఊళ్లో తిరిగే అమ్మాయి నాకు ఒక్క సినిమాలోనూ కనబడలేదు. రాత్రి తొందరగా గేటు మూసేసే హాస్టల్లో ఉన్న అమ్మాయి ఒక సాయంత్రం ఆలస్యమైతే ఆ రాత్రి ఎక్కడ గడపాలి? ఆ ఒక్క ప్రశ్నకే పూర్తి సినిమా ఉంది.

ఇప్పుడు కెమెరా ఖరీదు సమస్య కాదు. లింక్‌లేటర్‌కు ఫిల్మ్ కొనడానికి పట్టిన డబ్బులో చిన్న భాగంతో మంచి ఫోనొస్తుంది. అరుదైపోయింది తీరిక, తక్కువ అద్దె గది. హైదరాబాద్‌లో అవి రెండూ ఒక వింత రూపంలో ఇంకా మిగిలి ఉన్న పేట ఉంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి. ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు ఒక గదిలో నలుగురైదుగురు, సెంట్రల్ లైబ్రరీలో పగలంతా, జీహెచ్‌ఎంసీ అయిదు రూపాయల భోజనం. తెలంగాణ గ్రూప్ 1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు. పేపరు లీకవడంతో 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్. ఆ పదహారు నెలలూ ఆ కుర్రాళ్లు, అమ్మాయిలు ఆ సందుల్లో చాయ్ కొట్ల దగ్గర నిలబడి ఏం మాట్లాడుకున్నారో నేను చూసినంతలో ఒక్క తెలుగు సినిమా కూడా రికార్డు చెయ్యలేదు. వాళ్లది ఆస్టిన్ తిరుగుడులా ఇష్టంతో వచ్చింది కాదు, కలకత్తా తిరుగుడులా వట్టి నిరాశా కాదు. పరీక్ష తేదీ మారినప్పుడల్లా పొడుగయ్యే యవ్వనం అది. దానిమీద ఉపన్యాసం ఇవ్వకుండా, చివర్లో ఉద్యోగం ఇప్పించకుండా, ఊరికే వాళ్లతో ఒక రోజు నడిచే సినిమా కావాలి.

సినిమా తియ్యాలనుకునే కుర్రాళ్లూ, అమ్మాయిలూ, మీలో చాలామంది ఆ గదుల్లోనే ఉన్నారు. అమీర్‌పేట సత్యం థియేటర్ పోయి మాల్ వచ్చింది. అశోక్‌నగర్ పాత మేడలూ ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. కథ దొరికేదాకా ఆగకండి. మీ గది, మీ సందు, మీ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఈ ఏడాదే తీసెయ్యండి.